చావని రాక్షసుడి ఆదివారాలు

ఒక రాక్షసుణ్ణి బతికించబోయి నేనెంత వెధవనయ్యానో చెబుతాను. నవ్వండి, కానీ మరీ పడీపడీ నవ్వకండి.

అప్పుడు నాకు పాతికేళ్లు. రాయ్‌పూర్‌లో కొత్త ఉద్యోగం, దేవేంద్ర నగర్‌లో అద్దె గది. ఆఫీసులో రోజంతా హిందీ మాట్లాడి ఇంటికొస్తే, నాతో మాట్లాడేది కూలరొక్కటే. దానికి వచ్చిందీ ఒకటే మాట. ఆదివారమైతే గోడలు చూసి ఏడుపొచ్చేది.

బెంగుళూరులో చదివేటప్పుడు స్నేహితులు నేర్పిన ఆట ఒకటుంది. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్లు అందులో పాత్రలై, ఏం చేస్తారో చెబుతారు. నెగ్గారో లేదో లూడో పాచిక తేలుస్తుంది. పక్కింటి తెలుగువాళ్లు, రైల్వే గార్డు అప్పలరాజుగారినీ, ఆయన భార్య రమణమ్మగారినీ బతిమాలి నా గదిలో కూర్చోబెట్టాను. ఆయన సేనాపతి, ఆవిడ మంత్రగత్తె. గుహలో రాక్షసుణ్ణి చంపితే కథ కంచికే.

మరి కథ అయిపోతే, వచ్చే ఆదివారం వాళ్లెందుకొస్తారు? అక్కడే నా బుర్ర చెడింది.

"ఆరు పడింది బాబూ! సచ్చాడు!" అన్నారు అప్పలరాజుగారు.

"చావలేదు బాబాయిగారూ. వెనక తలుపులోంచి పారిపోయి తాళం వేసుకున్నాడు."

"మల్లీ తలుపా? ఆడు రాక్షసుడా, వడ్రంగా?"

"మరి చాబీ ఎక్కడుంది బాబూ?" ఆవలిస్తూ అడిగారు రమణమ్మగారు.

"వెతకాలి పిన్నిగారూ. వచ్చే ఆదివారం!"

ఎండలు పోయి వానలొచ్చాయి. గుహ మాత్రం తరగలేదు. రాత్రి డ్యూటీ దిగి ఎర్రటి కళ్లతో వచ్చేవారాయన. ఆహా, నా కథ ఎంత రక్తి కట్టిందో అని మురిసిపోయేవాణ్ణి. చూశారా నా తెలివి!

ఒక ఆదివారం నోరు జారాను. "తలుపు తీసే ఉంది. రాక్షసుడు గురకపెట్టి నిద్రపోతున్నాడు" అనేసి నాలిక్కరుచుకున్నాను. ఇంకేముంది, ఒక్క వేటుతో నా ఆదివారాలు సఫా.

మొగుడూపెళ్లాలు మొహాలు చూసుకున్నారు.

"మేం లోపలికెల్లం. ఆడు లేచాకే వత్తాం," అన్నారు రమణమ్మగారు.

"అదేంటి పిన్నిగారూ! ఒక్క దెబ్బ చాలు కదా!"

"సంపేత్తే ఆదివారం నువ్వేటి సేత్తావు బాబూ? ఒక్కడివే కూకుంటావనే కదా, నిద్దర్లేని మనిషిని లాక్కొత్తన్నాను! ఈ ఆట మాకేటి అర్తమవుద్ది? అన్నానికి రమ్మంటే నువ్వు మొగమాటపడతావు."

సిగ్గుతో చచ్చాను. పాచిక తీసి జేబులో వేసుకున్నాను.

"ఆణ్ణి పడుకోనీ. లే, పులుసు సల్లారిపోద్ది," అన్నారు అప్పలరాజుగారు.

ఆ రోజు నుంచి ఆదివారాలు వాళ్లింట్లోనే భోజనం. మరుసటి ఏడు ఆయనకు బదిలీ అయింది. పక్కింటికి తాళం పడింది. ఆ తాళం నేను కల్పించింది కాదు, ఎన్ని ఆదివారాలు చూసినా తెరుచుకోలేదు.

అందుకే లూడో పాచిక మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గుహ గోడకీ లేని తలుపు పెట్టను. దిగులేస్తే, ఉన్న తలుపే కొట్టి, "ఒక్కణ్ణే ఉన్నాను, ఇంత అన్నం పెట్టండి" అని అడుగుతాను.