ఓడ వస్తెనే అన్నం ఉడికే దీవిల మా పెద్దబిడ్డ

బుడ్డీ, నువ్వు లేవన్న కబురు నాకు పొద్దుగాల తొమ్మిది గంటలకు అందింది. నానవెట్టిన తునికాకు ముందటేసుకోని బీడీలకు కత్తిరిస్తున్న. ఫోన్ మోగితే నువ్వే అనుకున్న. "ఏం జేస్తున్నవు బిడ్డా" అనుకుంటనే ఎత్తిన. అవుతల ఎవరో మొగాయన, హిందీల, "మీరు నర్సు సిస్టర్ వాళ్ల తల్లేనా?" అన్నడు. అవునన్న. అటెంక ఆయన చెప్పింది సగమే తెలిసింది. జ్వరం అన్నడు, మబ్బు అన్నడు, మాఫ్ చెయ్యమన్నడు. మీ బాపు నా చేతులకెల్లి ఫోన్ గుంజుకున్నడు.

ఇగ సదివేటోళ్లకు చెప్త. మా పెద్దబిడ్డతోని నర్సింగ్ సదివిన పిల్లలు ఆర్నెల్ల మాసికానికి చిన్న పుస్తకం అచ్చేస్తమని వచ్చిండ్రు. "నువ్వే రాయాలె అమ్మా, మేము రాస్తె అందరి లెక్కనే ఉంటది" అన్నరు. నేను సదివింది ఏడో తరగతి. తప్పులుంటె దిద్దుకోండ్రి. మాది కోరుట్ల. నేను బీడీలు చేస్త. దాని బాపు పద్దెనిమిదేండ్లు మస్కట్ల పనిచేసి వచ్చిండు. మాకు ఇద్దరు ఆడివిల్లలే. పెద్దది అండమాన్ దాటినంక నికోబార్ దీవులల్ల ఒక చిన్న దీవిల నర్సు. కాంట్రాక్టు నౌకరి. మూడేండ్లు చేసింది. "చేసింది" అని రాస్తుంటె చెయ్యి ఆగుతుంది.

దాన్ని ఎరిగినోళ్లకు ముందుగాల యాదికొచ్చేది ఒక్కటే. ఏది చేతికిచ్చినా తిప్పి తారీఖు చూసేది. బిస్కెట్ పుడ అయినా, షాంపు అయినా. మా గల్లీ కిరాణం సేటు, "చెల్లె, నీ బిడ్డ సెలవులకొస్తె ముందే చెప్పు, రెండు దినాలు దుకాణం బందువెట్టుకుంట" అనేటోడు. అదేమో నవ్వకుంటనే, "కాకా, గా పాలపొడి డబ్బా తీసెయ్, చంటిపిల్లలకు వాంతులైతయ్" అనేది. ఆయన గొణుక్కుంటనే తీసేసేటోడు.

భయం లేకుంట పుట్టిందా అంటె, కాదు. తొమ్మిదేండ్లప్పుడు కాలువల జారి వడ్డది. గొర్లు మేపేటాయన జుట్టు వట్టి బయటికి గుంజిండు. అటెంక బిందెల నీళ్లు చూసినా వణికేది. తానానికి పిలిస్తె ఇల్లంత ఉరికేది. మా అత్త చెప్తె కొండగట్టుకు తీసుకపోయిన. అంజన్న కాడ పదకొండు దినాలు ఉన్నం ఇద్దరం. పన్నెండో దినం పొద్దుగాల తనంతట తానే పోయి నల్లా కింద తలకాయ వెట్టింది. దాని భయం పోయింది. పోయి నాకు వట్టుకున్నది. ఆ దినం కెల్లి అది నీళ్ల దగ్గరున్నదంటె నా పాణం నాకాడ ఉండదు. ఈ ఆర్నెల్ల కెల్లి ఒకటే అనిపిస్తుంది. ఆ భయాన్ని గట్లనే ఉండనిస్తె అది సముద్రం దాటకపోతుండె గద. మొక్కి మరీ తీసేయించింది నేనే.

మొదటిసారి సెలవులకొచ్చినప్పుడు మా అరుగు మీద బీడీలు చేసే ఆడోళ్లందరు దాని సుట్టు కూసున్నరు. అది కూడ ఒళ్లె చాట వెట్టుకోని, ఒక దిక్కు బీడీలు చుట్టుకుంటనే చెప్పింది. ఆ దీవిల వరి పండదట. కొబ్బరి, చాపలు, పందులు. బియ్యం ఓడల రావాలె, పప్పు ఓడల రావాలె. గ్యాస్ బండ, బడిపిల్లల పుస్తకాలు, సూదిమందు, కరెంటు మిషన్ల పోసే డీజిల్ గూడ ఓడలనే. అంత ఢిల్లీ సర్కారు పైసలతోనే. ఆ దీవోళ్లు ఓడెక్కితె టికెట్టు గూడ తక్కువనే, మిగిలింది సర్కారు భరిస్తది. ఎవలికన్న పాణం మీదికొస్తె హెలికాప్టర్ వస్తది.

"హెలికాప్టరా!" అన్నది ఎదురింటి అవ్వ. "మా తల్లిగారూరికి బస్సే వస్తలేదు. మేం ఓట్లేస్తలేమా పిల్లా?"

"మీ తల్లిగారూరికి ఆటోవన్న పోతది అవ్వా. ఆడికి ఈదుకుంట పోతవా?"

అందరు నవ్విండ్రు. అవ్వ ఊకోలే. "అయితె గా దీవోళ్లు కాలు మీద కాలేసుకోని ఢిల్లోడు పెట్టింది తింటరన్నట్టు."

మా బిడ్డకు కోపమొస్తె గొంతు పెద్దగ కాదు, చిన్నగైతది. గట్లనే చిన్నగ చెప్పింది. "ఆళ్ల చాపలు ఆళ్లు పడ్తరు, ఆళ్ల కొబ్బరి ఆళ్లు కొడ్తరు అవ్వా. గని గంత చిన్న దీవిల పుట్టే పన్నుతోని దవాఖాన నడ్వది, ఓడ నడ్వది. ఆళ్లు ఆడ ఉంటున్నరు గావట్టే అది మన దేశమైంది. ఆళ్లు లేచిపోతె ఉత్త రాళ్లే. ఆడ ఉండుడే ఆళ్లు మనకు చేసే పని. సర్కారు ఇచ్చేది బిచ్చం కాదు."

అవ్వ బీడీ కట్ట దారం కొరికి, "మంచిగ సదివించినవే దీన్ని" అన్నది నా దిక్కు చూసి. మెచ్చుకున్నదో తిట్టిందో తెల్వది.

"ఓడ కనవడ్డ దినమే మాకు పండుగ" అనేది మా బిడ్డ. సముద్రం పొంగితె ఓడ రాదు. నాలుగొద్దులు, ఎన్మిదొద్దులు. అప్పుడు ఊర్ల లైట్లన్ని బందువెట్టి, ఉన్న డీజిల్‌తోని చంటిపిల్లల సూదిమందుల ఫ్రిజ్ ఒక్కటే నడిపించేటోళ్లట. ఊరి పెద్దను ఆడ కెప్టెన్ అంటరు. ఆయననే మిషన్ కాడ కూసునేటోడట. "భయం కాదానే చీకట్ల?" అంటె, "ఫ్రిజ్ చప్పుడు వినవడుతుంటె నాకు భయం కాదమ్మా" అనేది. నాకు ఈడ లైట్ల కిందనే భయమయ్యేది.

ఇప్పుడు నా తప్పు రాయాలె. రాయకుంటె ఇదంత రాసుడే దండుగ.

మా దిక్కు మొగోళ్లు దుబాయి, మస్కట్ పోయిన ఇండ్లల్ల ఒక పద్ధతి ఉంటది. ఫోన్ల ఎవ్వలం బాధ చెప్పం. చెప్తె ఆడికెల్లి ఆయన ఉరికొస్తడా, ఈడికెల్లి మేం ఉరుకుతమా? ఉత్తగ ఇద్దరికీ నిద్ర ఉండది. అందుకే మంచిగున్నవా అంటె మంచిగున్న, అంతే. నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు దాని బాపుకు చెప్పలే. ఆయన కాలు ఇరిగినప్పుడు మాకు చెప్పలే. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల కుంటుకుంట బయటికొస్తె అప్పుడు తెలిసింది. పిల్లలకు గూడ నేనే నేర్పిన. పెద్దది ఏడ్చుకుంట ఫోన్ అందుకుంటె గిచ్చేదాన్ని, "ముక్కు తుడుసుకో, మంచిగున్న బాపూ అను" అని. మంచిగనే నేర్చుకున్నది.

అది ఆఖరుసారి ఫోన్ చేసిన దినం నాకు జ్వరం. కీళ్లు పట్టుకపోయి గోడవట్టుకోని నడుస్తున్న.

"అమ్మా, ఎట్లున్నవ్?"

"మంచిగున్న. నువ్వు?"

"మంచిగున్న. వాన కొడుతుందమ్మా, సిగ్నల్ పోతది."

గంతే. దాని గొంతు వణికింది. నేను వానకనుకున్న. నా గొంతు గూడ వణికింది. అది ఏమనుకున్నదో. ఇద్దరం జ్వరంల ఉండి, ఇద్దరం మంచిగున్నమని చెప్పుకున్నం.

ఆ దీవిల ఎవలికన్న పాణం మీదికొస్తె హెలికాప్టర్ కోసం ఫోన్ చేసేది మా బిడ్డనే. కాన్పు కష్టమైనోళ్లను, పాము కుట్టినోళ్లను మస్తుమందిని ఎక్కించి పంపింది. దానికి జ్వరమొచ్చినప్పుడు కెప్టెన్ అడిగిండట, "సిస్టర్, ఫోన్ చెయ్యమంటవా?" అని. "వద్దు, మంచిగనే ఉన్న" అన్నదట. మల్ల దినం అడిగిండట. మల్ల గదే మాట. మూడోదినం ఆయనే చేసిండు. గప్పటికి సముద్రం మీద మబ్బు కమ్మింది. మబ్బుల హెలికాప్టర్ లెవ్వదు. ఎవ్వలి తప్పు లేదు అండ్ల. రెండు దినాలు ముందుగాల లేచేది, అది అడిగుంటె. తెల్లారి మబ్బు ఇడిసింది. హెలికాప్టర్ వచ్చింది. మా బిడ్డ అండ్లనే వచ్చింది, కండ్లు మూసుకోని. ఆడికెల్లి విమానంల హైదరాబాద్ దాక సర్కారోళ్లే తోలిండ్రు. దాని వెంట దాని సంచి వచ్చింది. సంచిల మందుబిల్లల పట్టి ఉండె. తారీఖు కింద గీత గీసి ఉండె.

నెల దినాలకు ఆ కెప్టెన్ పెండ్లాం ఫోన్ చేసింది. బీడీ కార్ఖానల నేర్చుకున్న హిందీ నాది, ఆమెదీ గట్లనే. మెల్లగ మాట్లాడుకున్నం. మా బిడ్డ ఆమె ఇంట్ల ఆదివారం ఆదివారం తినేదట. పందికూర తినకపోతుండెనట, చాపల పులుసు చేయించుకునేదట. చెప్పుకుంటనే ఏడ్చింది. అటెంక అన్నది, "ఓడ వచ్చింది అక్కా. మందుల డబ్బాలు దిగినయ్. దవాఖానకు తాళమున్నది. తీసేటోళ్లు లేరు. మీ బిడ్డ రాసిన కడుపుతోనున్నోళ్ల పేర్లు గోడకు గట్లనే ఉన్నయ్. ఇద్దరికి దినాలు దగ్గరవడ్డయ్."

సర్కారు బియ్యం పంపుతది, మందు పంపుతది, డీజిల్ పంపుతది, హెలికాప్టర్ పంపుతది. గని ఆ డబ్బా ఇప్పే చేతులు ఎవలో ఒక తల్లి కని పంపాలె. అవ్వతోని అది మాట్లాడినప్పుడు నాకు తెల్వని సగం ఇదే. అది తెలిసినప్పటి కెల్లి నాకు మరింత భయం వట్టుకున్నది. ఎందుకంటె నా పక్కన కూసోని మా చిన్నబిడ్డ అంత విన్నది. అది గూడ నర్సే. సిరిసిల్లల సదువు అయిపోయి ఇంట్లనే ఉన్నది.

వారం దినాలు గడిచినయ్. అటెంక దరఖాస్తు పెట్టిన అన్నది.

"కరీంనగర్ల దవాఖానలు లేవానే? నీకు నీళ్లే దొరికినయా?" అని ఒర్రిన.

"కరీంనగర్ల నేను పోకుంటె ఇంకో పిల్ల పోతది. అక్క జాగల నెల దాటినా ఎవ్వలు పోలే అమ్మా."

మా ఆడిబిడ్డ గొల్లపల్లి కెల్లి వచ్చి గుమ్మంల నిలవడే అన్నది, "ఒకదాన్ని సముద్రానికిస్తివి. ఇంకోదాన్ని గూడ ఇస్తవా వదినె? నీకు గుండెనా, బండనా?" నాకూ గదే అనుమానం. దాని బాపు లేచి, కుంటుకుంట బయటికి పోయిండు. మల్ల వచ్చి పెద్దదాని సంచి దులిపి చిన్నదాని ముందట వెట్టిండు. గది ఆయన జవాబు.

నేను వద్దంటె ఆగేది. అది గట్లాంటిదే, నా మాట దాటది. వద్దు అనే మాట నోటిదాంక వచ్చింది. ఇన్ని దినాలు మంచిగున్న అనే ఒక్క మాట మీదనే మా ఇల్లు నిలవడి ఉండె. ఆఖరికి అన్న, "పో. గని ఒక్క ఒట్టు. ఫోన్ల మంచిగున్న అనద్దు. ఎట్లుంటె గట్ల చెప్పాలె. మొదటిదినమే చెప్పాలె. నాకు చెప్పు, కెప్టెన్‌కు చెప్పు."

"నువ్వు గూడ చెప్తవా మరి?" అన్నది.

నా నెత్తి మీద చెయ్యి వెట్టించి ఒట్టు వేసుకున్నం ఇద్దరం.

మొన్న విశాఖపట్నంల ఓడెక్కే ముంగట ఫోన్ చేసింది. ఎనుక మైకుల ఏదో ఒర్రుతున్నరు.

"అమ్మా, భయమైతుంది."

ఎన్కటి నేనైతె, భయమెందుకు బిడ్డా, అంజన్న ఉన్నడు అందును. ఒట్టు వేసుకున్న గద.

"నాక్కూడ అయితుంది బిడ్డా. మస్తు అయితుంది. రాత్రి అన్నం గూడ పోలే."

మైకుల మల్ల పిలిచిండ్రు. అటెంక, "సరే అమ్మా, ఎక్కుతున్న" అన్నది.

నడిసముద్రంల సిగ్నల్ ఉండది. మూడు దినాలు. ఇయ్యాల రెండోది. ఇది గీ రెండు దినాలల్లనే రాస్తున్న, చేతులు ఊకె ఉంటె పిచ్చి లేస్తది గనుక. ఫోన్‌ను స్టీలు పళ్లెంల వెట్టిన, మోగితె ఇల్లంత వినవడాలెనని. పొద్దుగాల కెల్లి కోరుట్ల మీద మబ్బు వట్టింది. పెరట్ల నిలవడి చూసిన. అది సముద్రం దిక్కు కెల్లి మా మీదికి వచ్చిందో, మా మీది కెల్లి సముద్రం దిక్కు పోతుందో, ఎంతసేపు చూసినా నాకు తెలుస్తలేదు.

ఐతారం మాసికం. వచ్చేటోళ్లు మొహమాటపడకుంట కడుపునిండ తినుండ్రి. రానోళ్లు మీ ఇంట్లనే మంచిగ తినుండ్రి.