ప్రాసెసర్ మీద అక్షరాలు

ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. విజయవాడలో కంప్యూటర్లు అమ్మే, బాగుచేసే షాపు ఆయనది. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నా పనంతా అక్కడే నేర్చుకున్నాను. మానేసి సొంతంగా రిపేర్లు మొదలుపెట్టిన నెలలోపే, నాకు చేతివాటం ఉందనీ, అందుకే పంపించేశాననీ ఆయన కస్టమర్లకు చెప్పడం మొదలుపెట్టాడు. కొండపల్లిలో ఒకావిడ, నా పని అయిపోయాక, ఏమీ అనుకోవద్దండీ అంటూనే నా బ్యాగు తెరిపించి చూసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

అందుకే భవానీపురంలో ఒక ప్రెస్సు నుంచి నాకు ఫోను వచ్చి, అక్కడి కంప్యూటర్లు అమ్మింది ఆయనేనని తెలిసినప్పుడు లోలోపల సంతోషించాను. పెళ్ళికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే ప్రెస్సు అది. నడిపేది దాదాపు నా వయసావిడ. ఆరు కంప్యూటర్లు ఒకేసారి కొన్నదట. అన్నిట్లోనూ ఒకే బోర్డు, ఒకే ప్రాసెసర్. నాలుగు బాగానే నడుస్తున్నాయి. రెండు మాత్రం పెద్ద ఫైలు తెరిస్తే చాలు, మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోతున్నాయి. షాపాయన రెండుసార్లు వచ్చి విండోస్ మళ్ళీ ఎక్కించి, మీ కరెంటే బాగాలేదని చెప్పి వెళ్ళాడట.

నేను ర్యామ్ మార్చి చూశాను, పవర్ సప్లై మార్చి చూశాను. తేడా లేదు. చివరికి బాగున్న మెషీన్‌లో ప్రాసెసర్ తీసి ఆగిపోతున్న దాంట్లో, దాంట్లోది దీంట్లో పెట్టాను. జబ్బు ప్రాసెసర్‌తో పాటే వెళ్ళింది. అప్పటిదాకా బాగున్న మెషీన్ బిగుసుకుపోయింది, రెండోది నిక్షేపంగా నడిచింది.

ఆరు చిప్పులూ తీసి, వాటి మీద వేడి లాగడానికి పూసే పేస్టు గుడ్డతో తుడిచి, ఫోన్ లైటు వేసి అక్షరాలు చదివాను. మోడల్ నంబరు ఆరింటి మీదా ఒకటే. దాని కింద ఉండే చిన్న కోడు మాత్రం ఆ రెండింటి మీదా వేరుగా ఉంది. కంపెనీవాళ్ళు పేరు మార్చకుండానే లోపల చిన్న చిన్న సవరణలు చేసి అదే ప్రాసెసర్‌ని మళ్ళీ వదులుతుంటారు. ఏది ఏ రివిజనో ఆ కోడుని బట్టే తెలుస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నా బుర్ర అటు పోలేదు. దొరికాడు అనుకున్నాను, అంతే.

"ఇవి మిగతావాటితో వచ్చినవి కావండీ. ఎక్కడో వాడేసినవి పీకి మీకు అంటగట్టాడు," అన్నాను ఆవిడతో.

ఆవిడ మొహం ఎర్రబడింది. అక్కడికక్కడే ఆయనకు ఫోన్ చేసి, నేనన్న మాట ఉన్నదున్నట్టు వినిపించి, రేపొద్దున వచ్చి సమాధానం చెప్పమంది.

ఆ సాయంత్రం, ఆయన ముందు పెట్టడానికి రుజువు కావాలని, ఆ కోడు కంపెనీ జాబితాలో వెతికాను. ఆ రెండు చిప్పులూ మిగతా నాలుగింటికన్నా కొత్త రివిజన్. బయటికొచ్చిందే ఈమధ్య. బోర్డు కంపెనీ పేజీలో ఇంకో మాట కూడా ఉంది: ఈ రివిజన్ పెడితే బయోస్, అంటే బోర్డులో ముందే ఉండే ప్రోగ్రామ్, కొత్తది ఎక్కించాలి. ప్రెస్సులో బోర్డులన్నిట్లోనూ ఉన్నది పాతదే. ఆయన మోసం చేయలేదు. కోడు చూసుకోకుండా అమ్మాడు, అంతే. బయోస్ మార్చేసి, వాడేసిన చిప్పులన్న మాట మాత్రం అలాగే ఉంచేద్దామా అని చాలాసేపు ఆలోచించాను.

పొద్దున నేను వెళ్ళేసరికి ఆయన ముందే వచ్చి కూర్చున్నాడు. చిప్పులు కొత్తవేనని చూపించడానికి ప్రాసెసర్ల ఖాళీ డబ్బాలు ఆరూ టేబుల్ మీద పేర్చాడు. నా వైపు చూడలేదు. నేనూ పలకరించలేదు. పెన్‌డ్రైవ్‌తో రెండు మెషీన్లకీ కొత్త బయోస్ ఎక్కించి, ప్రెస్సులో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద ఫైలు తెరిచాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా రెండూ ఒక్కసారి కూడా ఆగలేదు.

అప్పుడు ఆవిడతో, "నిన్న నేనన్నది తప్పండీ. చిప్పులు కొత్తవే," అన్నాను.

ఆయన అప్పుడు నా వైపు తిరిగాడు. "నేను నేర్పిన పనితోనే నన్ను దొంగని చేద్దామనుకున్నావు."

"మీరు నన్ను చేశారుగా. కొండపల్లిలో నా బ్యాగు వెతికించుకున్నాను."

కాదనలేదు. "చెప్పాపెట్టకుండా మానేశావు," అన్నాడు, అదే జవాబన్నట్టు.

కోడు చదవడం చేతకాక ఊరికే విండోస్ ఎక్కించి వెళ్ళావన్నాను. మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ప్రెస్సు ఆవిడ మా ఇద్దరి మధ్యకి వచ్చి, మీ తగాదా బయట చూసుకోండి, నాకు పనుంది అంది. తర్వాత ఆవిడ మా ఇద్దరిలో ఎవరినీ మళ్ళీ పిలవలేదు.

ఆయన క్షమించమని అడగలేదు, నేనూ అడగలేదు. మెట్లు దిగుతున్నప్పుడు కూడా ఆయన నిజంగా దొంగైతే ఎంత బాగుండేదా అనే అనుకున్నాను. ఇప్పటికీ బీసెంట్ రోడ్డులో ఎదురుపడితే ఇద్దరం చెరో షాపు వైపు చూస్తూ వెళ్ళిపోతాం.