ఎర్రగుడ్డ కట్టిన ఉమ్మెత్త

మీ గోడ పక్కన మొలిచిన మొక్కల్లో మనిషిని పడగొట్టేది ఏదో మీకు తెలుసా? తెలిస్తే, మీ పిల్లలకు నోరు తెరిచి చెప్పారా? అమీర్‌పేటలో మా పక్కింటి టీచరమ్మ పోయిన శుక్రవారం కన్నుమూశారు. మా సందులో ఈ ప్రశ్న అడిగేది ఆవిడొక్కరే. ఇక ఎవరో ఒకరు అడగాలి కనుక ఈ ఆదివారం నా ప్రసంగంలో నేను అడుగుతున్నాను.

ఆవిడది కోస్తా. బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చుట్టూ ప్రతి మేడా హాస్టలై, ప్రతి మెట్ల దారికీ జావా, డాట్‌నెట్ బోర్డులు వేలాడుతున్నా ఆవిడ పెరటిని పెరడుగానే ఉంచారు. కొన్ని నాటుకోళ్లు, గోడ వారగా ఓ ఉమ్మెత్త. ఆ తెల్లపూలు సోమవారం శివుడికి. చంకలో బైబిలుతో వెళ్లినా నాకు ఆ అరుగు మీద కాఫీ తప్పేది కాదు.

కోళ్లు ఉమ్మెత్తాకు పొడుస్తుంటే ఓసారి భయపడి అదిలించాను. ఆవిడ నవ్వారు.

"కంగారు పడకండి బోధకులు గారూ. ఆ కాస్తకి కోడికేం కాదు, దాని ఒళ్లు తట్టుకుంటుంది. అదే మీరు తిన్నారనుకోండి, తర్వాత మీ ప్రసంగం గోడలు వినాల్సిందే!"

మనుషులు ముట్టుకోకూడదని ఆ మొక్కకు ఎర్రగుడ్డ పేలిక కట్టారు. ఎరుపంటే ప్రమాదమని జీవితమంతా పిల్లలకు చెప్పిన మనిషి.

ఒక ఉదయం నేను ఆ అరుగు మీద కాఫీ తాగుతుంటే హాస్టల్ కుర్రాడొకడు గేటు బాదాడు.

"మేడమ్, మా దోస్తుగాన్ని జర చూడుండ్రి! గోడను పట్టుకుని సార్, సార్ అంటుండు. ఇయ్యాల వానికి ఇంటర్వ్యూ ఉండె."

"ఏం తిన్నాడు?"

"గా ఎర్రగుడ్డ చెట్టాకు. మొక్కు కట్టిన చెట్టని కండ్లకద్దుకుని నమిలిండు. కోళ్లు సుత తింటున్నయ్, ఏం గాదన్నడు."

మేం హాస్టల్‌కి వెళ్లేసరికి ఆకు తిన్నవాడి కళ్లు గుండ్రంగా విచ్చుకున్నాయి, నోరు ఎండిపోయింది. గాలిలో లేని దారాలు ఏరుతున్నాడు. టీచరమ్మ ఉమ్మెత్త కొమ్మ ఒకటి విరిచి కొంగులో చుట్టుకున్నారు, డాక్టరుకు చూపించడానికి. ముగ్గురం కలిసి అతన్ని ఆటోలో పంజాగుట్ట ఆసుపత్రికి మోసుకెళ్లాం. దేవుని దయ, బతికాడు.

ఆసుపత్రి వరండాలో ఆవిడ, డాక్టరు తిరిగిచ్చిన కొమ్మను చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: "నేను ప్రమాదమని కట్టాను. వాడు దేవుడనుకున్నాడు. మీ బైబిల్లో మొదటి తోట ఉంది కదా, అందులో తినకూడదన్న చెట్టుకి దేవుడు గుడ్డ కట్టాడా? నోటితో చెప్పాడు కదండీ."

"చెప్పినా ఆ మొదటి ఇద్దరూ తిన్నారమ్మా."

"తిన్నారు. కానీ చెప్పలేదని ఆయన్ని ఎవరూ అనలేరు."

ఇన్నేళ్లుగా ఆ వాక్యం చదువుతున్నాను. అంత సూటిగా నాకెప్పుడూ తగల్లేదు.

ఆ రోజే ఉమ్మెత్త పీకేశారు, శివుడికి మల్లెలు మొదలుపెట్టారు. కానీ రాలిన గింజలు ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉంటాయట. ప్రతి వానకూ మొలకలొచ్చేవి, ప్రతి వానకూ వంగి పీకేవారు. హాస్టల్లో కొత్త బ్యాచ్ దిగితే గోడ దగ్గరికి పిలిచి చూపించేవారు. పోరగాళ్లు ఊరుకుంటారా?

"మేడమ్, మీ చెట్ల కోర్సుకు సర్టిఫికెట్ ఇస్తరా?"

"రేపు లేచి టిఫిన్ తింటారే, అదే సర్టిఫికెట్. వెళ్లండి!"

ఆపద చూసి కూడా బూర ఊదని కావలివాడిని దేవుడు లెక్క అడుగుతాడని లేఖనం. ఈవిడ నడుము వంగిపోయాక కూడా ఊదారు.

ఇప్పుడు ఆ ఇంటికి తాళం. కోళ్లను ఎవరో బంధువులు తీసుకుపోయారు. నిన్నటి వానకు గోడ వారంతా ఉమ్మెత్త మొలకలే. గోడకు అవతల నిన్ననే దిగిన పిల్లలు, ఇంకా విప్పని ట్రంకుపెట్టెలు. ప్రార్థన తర్వాత చేద్దురుగాని, ముందు చేతులకు గుడ్డ చుట్టుకుని రండి. మొలకలు పీకుదాం, ఆ పిల్లలను పిలిచి ఆకు చూపించి పేరు చెబుదాం. వచ్చే ఆదివారం అనకండి. ఈ సాయంత్రం, చీకటి పడకముందే రండి.