పసుపు చుక్క

మా మేనత్త ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదులోని ఒక సినిమా పత్రికకు వారం వారం తారల కబుర్లు రాసింది. ఒక్క తారనీ ఎదురుగా చూసిన మనిషి కాదు. బిలాస్‌పూర్ స్టేషన్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర డ్యూటీ ముగించుకుని, క్వార్టర్‌కి వచ్చి, టీ తాగి, వరండాలో కూర్చుని రాసేది. పేరు వేయించుకునేది కాదు. అయినా ఆ పత్రిక కొనేవాళ్ళు ముందు ఆమె పేజీయే తిప్పేవాళ్ళు. ఎందుకంటే ఆమె రాసింది అబద్ధమని ఏ వారమూ తేలలేదు.

ఆ కిటుకేమిటని ఒకసారి అడిగాను.

"కౌంటర్ కాడికొచ్చినోళ్ళు బండెప్పుడొస్తాదని అడుగుతారు. ఆళ్ళకి కావాల్సింది బండేటి? బండిలో వచ్చే మనిషి. అది కనిపెట్టడం వస్తే సాలు" అంది.

కనిపెట్టడం ఒక్కటే కాదు, ఆమెకు మనుషులు కూడా ఉన్నారు. సిక్కోలు నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో, మా రైల్వే కాలనీలోనే పుట్టి పెరిగి హైదరాబాదు చేరినవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ అత్తకు చిన్ననాటి స్నేహితురాలు. సినిమావాళ్ళకు బట్టలు కుట్టే దుకాణంలో పనిచేసేది. హీరోయిన్ల జాకెట్ల కొలతలన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. ఆవిడ జీతం మీదే వాళ్ళ ఇల్లు నడిచేది.

విన్నదల్లా అత్త ఒక రిజిస్టర్‌లో రాసుకుని, ప్రతి కబురు పక్కనా స్కెచ్ పెన్‌తో ఒక చుక్క పెట్టేది. ఆకుపచ్చయితే పత్రికకు పోతుంది. ఎరుపయితే ఎన్నటికీ పోదు. ఎర్ర చుక్కలే ఎక్కువ. అవి బయటపెట్టి ఉంటే ఆమె పేరు మోగిపోయేది. పెట్టలేదు. అందుకే ఆమె అంటే నాకు అంత గౌరవం.

నేను హిందీ మీడియంలో చదివాను. మా వయసు వాళ్ళలో చాలామందికి తెలుగు నోట్లోనే గానీ కంట్లో లేదు. నాకు తెలుగు చదవడం ఆ రిజిస్టర్లే నేర్పాయి. ఊరి పక్కనే కోనిలో కాలేజీ చదువుకునే రోజుల్లో అత్త చేతిరాతను ఫోన్‌లో టైపు చేసి పత్రికకు పంపడం నా పని.

ఒక వారం అత్తకు కంటి ఆపరేషన్ అయింది. కాలమ్ నేనే పంపాల్సి వచ్చింది. ఆకుపచ్చవి మూడే ఉన్నాయి, పేజీ నిండదు. కింద ఒక పసుపు చుక్క ఉంది. ఒక కథానాయిక తల్లి కాబోతోంది. ఇదివరకు ఒకసారి నిలవలేదు కాబట్టి ఈసారి ఎవరికీ చెప్పడం లేదు. పసుపుకి అర్థమేమిటో అత్తను అడగాలని కూడా నాకు తోచలేదు. నేను లోకో పైలట్ కూతుర్ని. పసుపు సిగ్నల్ అంటే ఆగమని కాదు, నెమ్మదిగా వెళ్ళమని నాన్న చెప్పగా వింటూ పెరిగాను. అలాగే నెమ్మదిగా వెళ్ళాను. పేరు తీసేసి, "ఒక కథానాయిక జాకెట్లు వదులు చేయించుకుంటోందట" అని రాసి పంపాను. ఎంత తెలివిగా రాశానో అని మురిసిపోయాను కూడా.

పత్రిక వచ్చిన రోజే బట్టల దుకాణం స్నేహితురాలు ఏడుస్తూ అత్తకు ఫోన్ చేసింది. జాకెట్ల సంగతి తెలిసింది దుకాణం యజమానికీ ఆవిడకీ మాత్రమే. బయటికి చెప్పింది తనేనని తేలితే మర్నాటి నుంచి పనిలోకి రానక్కర్లేదని అన్నాడట.

అత్త నల్ల కళ్ళద్దాలు నా వైపు తిప్పింది. "ఏటే పిల్లా, పసుపుది పంపీసేవా?"

"పసుపుకి వెళ్ళొచ్చు కదా అత్తా. నాన్న చెప్పారు."

"ఎల్లొచ్చు. ముందర సిగ్నల్ ఎరుపుంటాదని మీ నాన్న సెప్పలేదేటి?"

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పై వారం కాలమ్ చెబుతాను రాయమంది. "గత వారం జాకెట్ల కబురు నాకెవరూ చెప్పలేదు. పేజీ నింపడానికి నేనే అల్లాను. క్షమించండి." ఫోన్ పక్కన పెట్టేశాను. పంపింది నేనేనని రాద్దామని బతిమాలాను.

"కాలమ్ నాది. రాయు" అంది.

ఇరవై ఏళ్ళలో ఆమె రాసిన అబద్ధం అదొక్కటే.

స్నేహితురాలి పని నిలిచింది. కబుర్లు అల్లే మనిషి మాకొద్దని పత్రికవాళ్ళు మర్యాదగానే చెప్పారు. కాలమ్ ఆగిపోయింది. కొన్ని నెలలకు ఆ కథానాయికకు పాప పుట్టింది. అత్త నన్ను తెలిపారా బజారుకి పంపి లడ్డూలు తెప్పించి, ఇద్దరికీ చెరొకటి పెట్టింది. "అచ్ఛా, తల్లీ పిల్లా కులాసా" అని తినేసింది. నాది ప్లేటులోనే ఉండిపోయింది.

ఆ ఏడాదే అత్త రిటైరయి, క్వార్టర్ ఖాళీ చేసి ఊళ్ళోనే మంగ్లాలో ఒక ఇంటికి మారింది. సామాను సర్దుతూ ఆఖరి రిజిస్టర్ తెరిచాను. క్షమాపణ రాయించిన వారం పేజీలో కొత్త కబురు ఒక్కటే ఉంది. కన్ను పూర్తిగా మానకముందు రాసిందేమో, అక్షరాలు గీత దాటి పోయాయి.

"జాకెట్ల కబురు పంపింది నా మేనకోడలు."

పక్కన ఎర్ర చుక్క.

అత్త ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెప్పేశాను.