జిలెటిన్ అన్నందుకు

కెమెరా పట్టుకుని మాదాపూర్ అద్దాల భవనాలకు పోయేవాళ్లకు ముందే చెబుతున్నా: గేటు దగ్గర ‘జిలెటిన్’ అనకండి. నేను అన్నాను.

ఉదయం ఎనిమిదింటికి చందానగర్‌లో బస్సెక్కి, కొత్తగూడలో దిగి ఏడు సీట్ల ఆటో పట్టాను. ఏడన్నది రాసుకోవడానికే, ఎక్కింది పదకొండు మందిమి. ఒళ్లో ఫ్లాష్ బ్యాగు. వారం కిందట అదే ఆఫీసులో తీసిన గ్రూపు ఫొటోలో, ట్యూబ్‌లైట్ల పుణ్యమా అని, వెనక వరసలన్నీ పాచి పట్టిన ముఖాలే. ఈసారీ అట్లాగే వస్తే వేరేవాణ్ణి పిలుస్తామన్నారు. అందుకే ఫ్లాష్‌కు ఆకుపచ్చ జిలెటిన్ కాగితం, లెన్సుకు గులాబీ ఫిల్టర్ తెచ్చాను. ట్యూబ్‌లైటు ఫిల్ము మీద ఆకుపచ్చగా పడుతుంది; కాగితం ఫ్లాష్‌నూ అదే రంగులోకి దించుతుంది; ఫిల్టర్ ఆ ఆకుపచ్చనంతా మింగేస్తుంది.

పక్కన కూర్చున్నది గోపన్‌పల్లి మల్లయ్య. జిలెటిన్ మందు పెట్టి, భవనాల కోసం బండలు పేల్చే పని. బ్యాగులో ఏముందని అడిగితే చెప్పాను.

“నీది గూడ జిలెటినేనా తమ్మీ? నాది బండ పగలగొడ్తది. నీదేం చేస్తది?”

“ముఖాల మీద పాచి గీకుతది అన్నా.”

ఇద్దరం ఒకచోటే దిగాం. తొమ్మిదిన్నరకు గేటు. “బ్యాగుల ఏంది?” అన్నాడు సెక్యూరిటీ అతను. “జిలెటిన్” అన్నాను. రెండడుగులు వెనక్కి దూకాడు.

“కింద పెట్టు! దూరం జరుగు!”

“కాగితమన్నా! బండలు పేల్చేది వేరే.”

“జిలెటినని నువ్వే అన్నవ్ గద!”

టై సర్దుకుంటూ మేనేజరు వచ్చాడు. “లైటు లైటే కదండీ. ఆ కాగితాలు ఇక్కడే వదిలేసి తెల్లగా కొట్టండి. చదువుకున్నవాళ్లెవరూ గేటు దగ్గర ఇలాంటి మాట అనరండి.”

ఒళ్లు మండింది. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి, నిజమే. కానీ వెలుగుకు రంగుంటుందని తెలియడానికి మెడకు టై అక్కర్లేదు. అదే చెప్పాను, కొంచెం గట్టిగా. అరగంట ఎండలో నిలబెట్టారు.

చివరికి రోడ్డవతల బండల దగ్గరున్న మల్లయ్యను కేకేశాను. వచ్చి కాగితం వంచాడు, వాసన చూశాడు.

“సారూ, పదేండ్ల సంది పేలుస్తున్న. మీ బిల్డింగు కింది బండ గూడ నేనే పేల్చిన. గిది పేల్తే నా మీసం తీసేస్త.”

మేనేజరు నమ్మాడు. కాగితాలు లోపలికి పోయాయి, వెనకే నేనూ. “ఫొటో ఎట్ల దిగుతరో జర చూస్త” అన్న మల్లయ్యను మాత్రం గేటు దగ్గరే ఆపేశారు. పాస్ లేదట! ఆయన మాట పనికొచ్చింది, మనిషి పనికిరాలేదు.

పన్నెండుకల్లా పని ముగించి బయటికొచ్చి, ఆ కోపంలోనే మిగిలిన చివరి ఫ్రేము ఆయనకు కొట్టాను. మీసం మెలేసి నిలబడ్డాడు, సరిగ్గా ఆ గేటు ముందే.

మళ్లీ ఆటో, బస్సు. చందానగర్ ల్యాబులో గంటలో ప్రింట్లు చేతికొచ్చాయి. ఆఫీసువాళ్లందరూ మనుషుల రంగులో ఉన్నారు, పాచి మచ్చుకైనా లేదు. చివరి ప్రింటు చూసి, తాగుతున్న చాయ్ పక్కన పెట్టేశాను. లెన్సు మీది గులాబీ ఫిల్టర్ తీయడం మరిచాను. నా కాగితానికి పూచీపడ్డ మనిషి ఒక్కడే, మీసంతో సహా, గులాబీ రంగులో నవ్వుతున్నాడు.

దారంతా వాళ్లను తిట్టిన నోరు ఇంటిదాకా నన్నే తిట్టింది. రేపు ఫిల్టర్ ఇంట్లోనే పెట్టి, ఎనిమిదింటి బస్సుకు మళ్లీ పోతున్నాను. గేటు దాకానే.