మూత ఎవరి జేబులో ఉంటే

2006 జూలై 9, ఆదివారం. ఏలూరు, మా ఇంటి వరండా. హాజరైనవారు: నేను, నా భార్య, గుండుగొలను నుంచి బస్సులో వచ్చిన నా పాత సహోద్యోగి.

డైరీలో నాలుగో పేరుగా ‘పెన్ను’ అని రాసి కొట్టేశాను. కొట్టివేత ఇప్పటికీ కనిపిస్తుంది.

అది ఎబొనైట్ పెన్ను. మేము నల్ల రబ్బరు పెన్ను అనేవాళ్ళం. తాడేపల్లిగూడెం తాలూకా ఆఫీసులో మా తాసిల్దారు గారిది. ముప్పై ఏళ్ళ క్రితం ఆయన బదిలీ అయి వెళ్తూ దాన్ని ఈ సహోద్యోగికి ఇచ్చారు. డ్రాఫ్టులన్నీ రాసింది నేను. వాటిని సంతకానికి లోపలికి పట్టుకెళ్ళింది ఈ సహోద్యోగి. పెన్ను ఇచ్చిన రోజు నా డైరీలో ఒకే వాక్యం ఉంది: ‘పెన్ను అతనికిచ్చారు.’ తక్కిన పేజీ ఖాళీ.

అదే పెన్ను ఇప్పుడు సిరా ఎండిపోయి, మరలు బిగుసుకుపోయి నా చేతికొచ్చింది.

“శ్రావణంలో మనవరాలి పెళ్ళండీ బావగారూ. శుభలేఖల మీద దీంతోనే రాయాలని కోరిక. మీకైతే ఓపికెక్కువ.”

“ఇన్నాళ్ళూ రాయలేదా?”

“బీరువాలో పెట్టానండీ. పాడైపోతుందని.”

వాడకుండా పాడుచేసిన మనిషి అంటున్న మాట అది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, పట్టు దొరికాక మెల్లగా తిప్పాను. మూడోసారికి మరలు వదిలాయి. పాళీని, దాని కింది నాలుకను విడదీసి చన్నీళ్ళ గిన్నెలో వేశాను. నీళ్ళు నీలంగా మారాయి. అలా నాలుగుసార్లు మార్చాను.

“వేణ్ణీళ్ళయితే తొందరగా వదులుతుంది కదండీ?” అన్నాడు.

వేణ్ణీళ్ళు తగిలితే ఈ రబ్బరు నలుపు చచ్చి మట్టిరంగుకొస్తుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. పొయ్యి మీద నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. ‘ఆయనే అడిగాడు కదా’ అని ఒక్క క్షణం అనిపించింది. “వద్దండీ” అన్నాను.

నా భార్య కాఫీ తెచ్చింది. “అన్నయ్యగారూ, మీ పెన్నుకి పొద్దున్నుంచీ స్నానం చేయిస్తున్నారు. నాకు జ్వరం వచ్చినా ఇంత చెయ్యలేదండీ.”

“ఓ పని చెయ్యి చెల్లెమ్మా, నువ్వు కూడా నల్లగా, సన్నగా అయిపో.”

ఇద్దరూ నవ్వారు. నేను పాత పంచె గుడ్డతో గొట్టాన్ని రుద్దుతున్నాను. గంధకం వాసన కొట్టింది. ఆ వాసన తాసిల్దారు గారి బల్ల దగ్గర ఉండేది. కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే నలుపు తేలింది.

సిరా పోసి ఒక వాక్యం రాశాను. పాళీ ఎడమకు కొద్దిగా అరిగి ఉంది. నేను కాగితం పెట్టే వాలుకు అది సరిగ్గా కుదిరింది. పేజీ నిండా రాయాలనిపించింది.

“ఏదీ, నన్నూ రాయనివ్వండి.”

ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు. గీరుకుపోయింది. మళ్ళీ పెట్టాడు. తలెత్తి నా ఎడమచేతిని చూశాడు.

“మూత మీ దగ్గరుందేంటండీ?”

మా ఆఫీసులో ఎవరైనా పెన్ను అడిగితే మూత మన దగ్గరుంచుకుని పెన్ను ఇచ్చేవాళ్ళం. మూత లేని పెన్ను జేబులో పెట్టుకోలేరు గనక తిరిగి తెచ్చిచ్చేవాళ్ళు. మూత ఎవరి దగ్గరుంటే పెన్ను వాళ్ళది. అలవాటు చేతికి తెలియకుండా వచ్చేసింది.

“అంటే నా పెన్ను నాకే అరువిచ్చారా బావగారూ?” అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మూత ఇచ్చేశాను. బిగించుకుని, చొక్కా జేబు మీద రెండుసార్లు తట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

“మీకది కావాలి కదూ?” అంది నా భార్య.

“దేనికి? నాకు మూడున్నాయి” అన్నాను. ఆ రోజు డైరీ మూడింటిలో ఏదో ఒకదానితో రాశాను. ఏదో గుర్తుపెట్టుకోలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఆయన మళ్ళీ గేటు తీశాడు. చంకలో సంచి. అందులో శుభలేఖలు, చిరునామాల కాగితం.

“సాయంత్రమంతా రాసి చూశానండీ. నా మాట వినడం లేదు. మీరే రాసిపెట్టాలి.”

మళ్ళీ డ్రాఫ్టులు నావే అన్నమాట. చెయ్యి చాపాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, పెన్ను నాకిచ్చాడు. మూత జాగ్రత్తగా తన జేబులో వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు.

కవర్లు నూట పాతిక దాకా ఉన్నాయి. నేను త్వరగా రాయగలను. నెమ్మదిగా రాశాను.