అరవై మీటర్ల పాత తాడుతో శాంతిపురం దాకా

ఎనిమిదేళ్లు నన్ను బండలెక్కించిన తాడు. పైతొడుగు పోగులు లేచిపోయాయి, ఒకట్రెండు చోట్ల నొక్కితే లోపల మెత్తగా తగులుతోంది. ఇక దాన్ని నమ్మి ఎక్కకూడదు. పారేయడానికేమో మనసొప్పలేదు. కుప్పం దగ్గర శాంతిపురంలో మునెమ్మ అనే ఆమె ఇలాంటి తాళ్లతో మ్యాట్లు కుడుతుందని బెంగళూరు మిత్రుడొకడు చెప్పాడు. ఒకటి కుట్టించి గుమ్మంలో వేసుకుందామని బయలుదేరాను.

మదనపల్లెలో ఆరున్నరకు బస్సెక్కితే, టమోటా లారీల మధ్య ఊరు దాటడానికే అరగంట పట్టింది. పుంగనూరు దగ్గర మా చిన్నాయన రాజప్ప తోటలో కాఫీకి ఆగాను. బావిలో మోటరు పాడైంది, దిగడానికి తాడు లేదని ఆయన దిగులుగా కూర్చున్నాడు. మనం దానకర్ణులం కదా, బాగున్న వైపు చూసి ఇరవై మీటర్లు కోసిచ్చాను. "మనిషిని మోస్తాదా రా?" అన్నాడు. "ఎనిమిదేళ్లు నన్ను మోసింది చిన్నాయనా" అన్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా శాంతిపురం చేరేసరికి పన్నెండున్నర. బస్సులకు రెండు వందల లోపే అయింది, ఆటోకు నలభై. ముసురు పట్టి ఉంది. మునెమ్మ వసారాలో గ్రానైటు క్వారీలు పారేసిన తాళ్లు గుట్టగా పడున్నాయి. ఆమె రెండు చేతులూ చాచి నా తాడును బారలు కొలుస్తూ, పొయ్యిలో కాల్చిన కత్తితో బారకొక ముక్క కోసింది. వేడికి కొసలు కరిగి అతుక్కుంటాయి. ఆ ముక్కలను చుట్టలుగా చుట్టి దబ్బనంతో కుడుతుంది.

"పొడుగ్గా ఉంటేనే కుట్టడం సులువు కదమ్మా?" అని అడిగాను.

"సులువేనప్పా. మళ్లీ ఎవురూ నడుముకి కట్టుకోకుండా కోస్తాండాను." గడప వైపు చూపించింది. అక్కడున్నది నేను కాళ్లు తుడుచుకొని వచ్చిన మ్యాటే. "అది క్వారీలో పారేసిన తాడు. కొండకు పనికిరానిది బావికి పనికొస్తాదిలే అని నేనే ఇంటికి తెచ్చినా. పూడిక తీసేదానికి మా ఇంటాయన దిగినాడు. సగంలో తెగిపాయ. అందుకే దాన్ని దినమూ తొక్కుతాండాను."

తర్వాత ముక్కలు లెక్కపెట్టింది. "బెంగళూరోళ్లవి అరవై మీటర్లుంటాయి. ఇది ఇరవై రెండు బారలే, నలభై మీటర్లే ఉండాది. మిగతాది యాడప్పా?"

చిన్నాయనకు ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. రాత్రికి కుప్పంలో ఉందామనుకున్నది అక్కడితో సరి. తిరుగు బస్సులో సీట్లున్నా తలుపు దగ్గరే నిలబడ్డాను. "నువ్వు నిలబడితే బస్సు ముందుగా పోతాదా? కూసో అప్పా" అన్నాడు కండక్టరు. కూర్చున్నాను గానీ ప్రాణం కుదురుగా లేదు.

నేను తోటకు చేరేసరికి చీకటి పడుతోంది. చిన్నాయన బావి గట్టున తడి లుంగీ పిండుకుంటున్నాడు. "దిగి ఎక్కినా. మంచి తాడురా" అన్నాడు. నేను తాడు లాక్కొని కోయడం మొదలుపెట్టాను.

"ఇచ్చిన సేత్తోనే కోస్తాండావే, యాల?"

మునెమ్మ భర్త సంగతి చెప్పాను. ఆయన ఒక ముక్క తీసుకొని వేళ్లతో నొక్కుతూ పోయాడు. ఒక చోట వేళ్లు ఆగాయి. బావిలోకి తొంగి చూశాడు.

"పని ఇంకా అయిపోలేదురా. రేప్పొద్దున మావోణ్ణి, నీ తమ్ముణ్ణి దించుదామనుకుంటి."

వారానికి మునెమ్మ పంపిన మ్యాట్ వచ్చింది, మా గుమ్మంలో ఉంది. తొక్కినప్పుడల్లా చిన్నాయన మాటే గుర్తొస్తుంది. నేను వేలాడడానికి భయపడ్డ తాడును ఇంకొకరికి మంచిదని ఇచ్చాను. ఏమీ కాలేదు కదా అని అందరూ అంటారు. నాకు మాత్రం ఆ మాటతో నిద్ర పట్టడం లేదు.

మీరూ మునెమ్మ దగ్గరికి వెళ్లేట్టయితే, ఇంట్లోనే తాడును బారకొక ముక్కగా కోసుకొని బయలుదేరండి. దారిలో ఎవరూ అడగరు.